వీరమునకు అసమ్మోహము: వ్యోమనౌకా దుర్ఘటనల పిదప వెలువడిన వాఙ్మయముపై ఒక విమర్శ

మహాప్రమాదము సంభవించినప్పుడు సంఘము మొదట చేయు పని మాటలాడుట. శిథిలములను ఏరుటకు ముందే, కారణము తెలియుటకు ముందే మృతులను గూర్చిన మాటలు పుట్టును. వానిలో పెక్కు ఆ దినముతోనే అంతరించును. కొన్ని మాత్రము నిలిచి, ఆ ప్రమాదమును రాబోవు తరములు ఏ రూపమున జ్ఞప్తియందుంచుకొనవలెనో నిర్ణయించును. మానవసహిత వ్యోమయాత్రల చరిత్రయందు ఇట్టి మాటలకు గల ప్రాధాన్యము సామాన్యమైనది కాదు. ఈ యాత్రలు ప్రజాధనముతోను, ప్రజాంగీకారముతోను సాగునవి. ప్రమాదానంతరము ఇవి కొనసాగవలెనా, మానవలెనా అను ప్రశ్నకు యంత్రశాస్త్ర మొక్కటియే ఉత్తరము చెప్పజాలదు. ఆ మరణములకు ప్రజలు ఏ అర్థమును కల్పించుకొనిరో, ఆ అర్థమే ఉత్తరమును సిద్ధము చేయును. మాటలు అర్థమును కల్పించు తీరును పరీక్షించుట సాహిత్య విమర్శకుని విధులలో నొకటి.

ఈ వ్యాసమున పరిశీలనకు గ్రహించినవి అమెరికా దేశమున జరిగిన రెండు దుర్ఘటనలు: 1986 జనవరి 28న నశించిన ఛాలెంజర్, 2003 ఫిబ్రవరి 1న నశించిన కొలంబియా. ఒక్కొక్కదానియందు ఏడుగురు మరణించిరి. ఒక్కొక్కదాని పిదప రెండు విధములైన రచనలు వెలువడినవి. మొదటిది ఆ దినముననే దేశాధ్యక్షుడు చేసిన సంతాప ప్రసంగము. రెండవది కొన్ని నెలల పిదప విచారణ సంఘము ప్రకటించిన నివేదిక. మొదటిదానిని సాహిత్యమని అందఱు నంగీకరింతురు. రెండవదానిని కార్యాలయపు కాగితముగా ఎంచుట పరిపాటి. ఈ విభజన సరియైనది కాదనియు, మృతులయెడ న్యాయమును నెరవేర్చిన రచన రెండవదియే యనియు, మానవసహిత యాత్రల భవిష్యత్తు దానిమీదనే ఆధారపడి యున్నదనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

రసదృష్టి

సంతాప ప్రసంగమును పరీక్షించుటకు మన అలంకారశాస్త్రము చక్కని సాధనముల నిచ్చుచున్నది. ఇట్టి ప్రసంగమునకు ఆరంభస్థానము కరుణము, గమ్యస్థానము వీరము. మృతులు సాహసులనియు, వారి ఆశయమును నిలుపుట జీవించియున్నవారి ధర్మమనియు చెప్పి, వక్త శ్రోతలను శోకమునుండి ఉత్సాహమునకు గొనిపోవును. ఇది స్వతః దోషము కాదు. శోకమునందే నిలిచిపోయిన జాతి ఏ పనియు చేయజాలదు.

ఐనను భరతుడు వీరరసమునకు చెప్పిన విభావములను ఇచట స్మరింపవలెను. నాట్యశాస్త్రము ఆఱవ అధ్యాయమున ఆయన వీరమును పుట్టించు కారణములను పేర్కొనుచు, బలమునకును పరాక్రమమునకును ముందే అసమ్మోహమును చెప్పినాడు. ఆ వెంటనే అధ్యవసాయము, నయము, వినయము వచ్చును. అసమ్మోహమనగా భ్రమ లేకుండుట, ఉన్నదానిని ఉన్నట్లు ఎఱుగుట. ఎదుటనున్న అపాయము నెఱిగి దానికి తగిన నయము నవలంబించి ముందునకు సాగువాడు వీరుడు. అపాయము తనకు తెలియకుండ దాచబడగా ముందునకు సాగినవాని ధైర్యము గొప్పదే. కాని ఆ దాచినవారి నడవడి వీరమున భాగము కాదు. ఈ రెంటిని ఒక్క మాటతో కప్పుట సంతాప ప్రసంగమునకు పొంచియున్న ప్రమాదము.

రెండవ సాధనము కరుణ విప్రలంభముల భేదము. విప్రలంభము సాపేక్షమనియు, కరుణము నిరపేక్షమనియు భరతుడు నిర్ణయించెను. ఆశ మిగిలియున్నచో అది విప్రలంభము. ఆశ తెగినచో కరుణము. ప్రమాద విచారణయందు ఈ భేదము మరియొక రూపమున ప్రత్యక్షమగును. మరణము సంభవించిన పిదప శోకము నిరపేక్షమే. కాని ఏ క్షణము వఱకు వారిని రక్షించు ఆశ యుండెను? ఆ ఆశను తెంచినది దైవమా, మానవుల ఉపేక్షయా? ఈ ప్రశ్న అడిగినప్పుడే శోకము జ్ఞానముగా పరిణమించును.

ఛాలెంజర్: ప్రసంగము

ఛాలెంజర్ నౌక భూమిని విడిచిన 73 సెకండ్లకు ఆకాశమున విచ్ఛిన్నమయ్యెను. మృతులలో క్రిస్టా మెకాలిఫ్ అను ఉపాధ్యాయిని యుండెను. పదునొకండు వేలకు పైగా వచ్చిన దరఖాస్తులనుండి ఆమె ఎన్నుకొనబడి, అంతరిక్షమునుండి పాఠములు చెప్పవలసియుండెను. అందుచే పెక్కు పాఠశాలలలో పిల్లలు ఆ దృశ్యమును టెలివిజనునందు ప్రత్యక్షముగా చూచుచుండిరి. ఆ సాయంకాలము అధ్యక్షుడు రీగన్ శాసనసభల యెదుట చేయవలసిన వార్షిక ప్రసంగమును వాయిదావేసి, నాలుగు నిమిషముల పాటు జాతినుద్దేశించి మాటలాడెను. ఆ ప్రసంగపాఠమును కూర్చినది పెగ్గీ నూనన్ అను రచయిత్రి.

రచనగా దీని గుణములను ముందు చెప్పుట న్యాయము. ఇది సంక్షిప్తము. ఏడుగురి పేర్లను ఉచ్చరించినది. మృతుల కుటుంబములను, పాఠశాల పిల్లలను, అంతరిక్ష సంస్థయందు పనిచేయువారిని, సమస్త ప్రజలను వేర్వేరుగా సంబోధించినది. ముఖ్యముగా పిల్లలతో మాటలాడిన ఘట్టమున వక్త వారిని చిన్నచూపు చూడలేదు. బాధను బాధగానే ఒప్పుకొని చెప్పెను. చివర యువ వైమానికుడు జాన్ మెగీ రచించిన కవితను స్మరించి ప్రసంగమును ఆకాశమున నిలిపెను. శ్రోతల హృదయము నెఱిగిన రచన యిది.

దోషము అలంకారమునందున్నది. వక్త ఆ దినమునకు సరిగా 390 సంవత్సరములకు పూర్వము, 1596లో, ఇంగ్లండు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ సముద్రముమీద మరణించిన సంగతిని తెచ్చి, సముద్రమునకు డ్రేక్ ఎట్టివాడో ఆకాశమునకు ఈ ఏడుగురట్టివారని ఉపమించెను. ఉపమకు ప్రాణము సాధర్మ్యము. తేదీ కుదిరినది, సముద్రమునకు ఆకాశమునకు గల విస్తృతి కుదిరినది, కాని మరణమునకు మరణము కుదిరినదా? డ్రేక్ పనామా తీరమున ఓడలో రక్తగ్రహణి వ్యాధిచే మరణించెను. ఆతడు ఆ దండయాత్రకు తానే అధిపతి. ఎచటికి పోవుచున్నాడో, ఏమి పోగొట్టుకొనవచ్చునో ఎఱిగి బయలుదేరినవాడు. ఛాలెంజర్ యాత్రికులు తమ నౌకను గూర్చి ముందటి రాత్రి జరిగిన వివాదమును ఎఱుగరు. ఉపమ ఈ భేదమును మాపివేసినది. అన్వేషణమన్న పిదప ఇట్టివి జరుగుచుండుననియు, భవిష్యత్తు ధైర్యవంతులదే యనియు వక్త పిల్లలకు చెప్పినప్పుడు ఆ మరణములు సముద్రపు తుపానువలె ప్రకృతిసిద్ధములైనట్లు తోచినవి. విభావము మారిపోయినది. మానవకృతమైన హేతువున్నచోట దైవకృతమైన హేతువు నిలిచినది.

తమ దేశము అంతరిక్ష కార్యక్రమమును దాచదని, రహస్యములు పెట్టుకొనదని కూడ వక్త చెప్పెను. ఇందు సోవియట్ దేశముమీది కటాక్షము స్పష్టము. ఆ కటాక్షమునకు ఆధారము లేకపోలేదు. 1961 మార్చిలో ప్రాణవాయువు దట్టముగా నిండిన శిక్షణ గదియందు అగ్ని చెలరేగి బొండరెంకో అను యువ వ్యోమగామి మరణింపగా, ఆ సంగతిని సోవియట్ ప్రభుత్వము 1986 వఱకు ప్రపంచమునకు తెలియనీయలేదు. 1967 జనవరి 27న అపోలో నౌకయందు శుద్ధమైన ప్రాణవాయువు నడుమ అగ్ని రగిలి ముగ్గురు అమెరికనులు మరణించిరి. మొదటి వార్త తెలిసియుండిన రెండవది తప్పెడిదని చెప్పజాలము. కాని తెలియని మరణము ఎవరికిని పాఠము చెప్పదనుట నిశ్చయము. రీగన్ మాట ఆ మేరకు సత్యమే. ఐనను అది పలుకబడిన సాయంకాలమున ఆ దేశపు ఇంజనీర్లు కొందఱు తమకు తెలిసినదానిని ఎవరితో చెప్పవలెనో తెలియక మథనపడుచుండిరి. దాచకుండుట ప్రభుత్వ స్వభావమని చెప్పినంతమాత్రమున దాచకుండుట జరుగదు. అందులకు విచారణ కావలెను.

సంతాప వాఙ్మయమునకు హేతువుతో సంబంధము ఎంత తక్కువయో తెలియుటకు 1969 నాటి మరియొక రచనను చూడవచ్చును. చంద్రునిపై దిగిన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ తిరిగి రాలేకపోయినచో అధ్యక్షుడు నిక్సన్ చదువవలసిన సంతాప వాక్యములను విలియమ్ సఫైర్ ఆ జూలై 18ననే వ్రాసిపెట్టెను. వారు క్షేమముగా తిరిగి వచ్చిరి. ఆ కాగితము దస్త్రములలో నుండిపోయెను. అపాయము నెఱిగి సిద్ధపడుట వివేకమే. కాని విమర్శకుడు గమనింపవలసిన దొకటి యున్నది. ఆ రచన సర్వాంగసుందరముగా కుదిరినది. త్యాగము, ఆశ, మానవజాతి, ఆకాశము అన్నియు అందున్నవి. ఒక్క కారణము మాత్రము లేదు, ఉండుటకు వీలులేదు. ప్రమాదమే జరుగకుండ ప్రమాదముపై పూర్ణమైన ప్రసంగము సిద్ధము కాగలిగినదనగా, ఈ ప్రక్రియ ఏ మరణమునకైన సరిపోవు వస్త్రము వంటిదని తేలుచున్నది. అది ఒక్కని కొలతకు కుట్టినది కాదు.

ఛాలెంజర్: నివేదిక

ఆ కొలత తీసినది రోజర్స్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము. దాని నివేదిక 1986 జూన్‌లో వెలువడెను. కుడివైపు ఘన ఇంధన రాకెట్టుయొక్క భాగములు కలియు కీలునొద్ద వేడి వాయువు బయటికి రాకుండ నిలుపు రబ్బరు వలయము విఫలమగుట ప్రమాద కారణమని అది తేల్చెను. జనవరి 27 రాత్రి ఆ రాకెట్టును నిర్మించిన థయోకాల్ సంస్థ ఇంజనీర్లు దూరవాణి సమావేశమున ప్రయోగము వలదని వాదించిరి. చలికి వలయము సాగుగుణమును కోల్పోవునని వారి భయము. సుమారు 12 సెంటిగ్రేడు డిగ్రీలకు తక్కువైనచో ప్రయోగింపరాదని వారి సలహా. మరునాడు నౌక లేచినప్పుడు ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు. రోజర్ బోయ్‌జొలీ మొదలగువారి వాదము నెగ్గలేదు. సంస్థ పక్షమున ప్రయోగ కేంద్రమున నున్న అలన్ మెక్‌డొనాల్డ్ అంగీకార పత్రముపై సంతకము చేయ నిరాకరించెను. పై యధికారులు సంతకము చేసి పంపిరి.

ఈ నివేదికయందలి సంఘటనలకు నాటకీయత కల్పింపవలసిన పనిలేదు. ఎవరు ఎవరితో ఏ వేళ ఏమి చెప్పిరో వరుసగా చెప్పుటయే అందలి శిల్పము. చదువరికి ఆశ ఎచట తెగినదో తెలియును: ఆకాశమున 73వ సెకండున కాదు, ముందటి రాత్రి సమావేశమున.

సంఘ సభ్యుడైన భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ బహిరంగ విచారణయందు వలయపు రబ్బరు ముక్కను మంచునీట ముంచి, అది వెంటనే పూర్వరూపమునకు రాకుండుటను చూపెను. ఆయన వ్రాసిన అనుబంధము ఈ వాఙ్మయమున ప్రత్యేకముగా చదువదగినది. నౌక నశించు సంభావ్యత లక్షకు ఒకటి మాత్రమేయని పై యధికారులు చెప్పుచుండగా, పనిచేయు ఇంజనీర్లు నూటికి ఒకటి యనుచుండిరని ఆయన ఎత్తిచూపెను. తరువాతి చరిత్ర దీనికి తీర్పు చెప్పినది. షటిల్ నౌకలు 2011 వఱకు మొత్తము 135 యాత్రలు చేసినవి, రెండు నశించినవి. అనగా సుమారు 67 యాత్రలకు ఒకటి. లక్ష అను సంఖ్య లెక్క కాదు, అతిశయోక్తి. కావ్యమున అతిశయోక్తి అలంకారము. ప్రయాణికునకు ఇచ్చు హామీయందు అది అపరాధము. అసమ్మోహమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు.

కొలంబియా

పదునేడు సంవత్సరముల పిదప అదే కథ మరల జరిగినది. 2003 జనవరి 16న కొలంబియా లేచిన 82వ సెకండు ప్రాంతమున వెలుపలి ఇంధన తొట్టినుండి నురుగు పదార్థపు ముక్క యొకటి ఊడి ఎడమ రెక్క అంచును తాకెను. పదునాఱు దినముల పిదప నౌక తిరిగివచ్చుచుండగా ఆ రంధ్రముగుండ వేడి వాయువు చొరబడి రెక్కను దహించెను. నేల చేరుటకు సుమారు 16 నిమిషములకు ముందు నౌక టెక్సస్ గగనమున విచ్ఛిన్నమయ్యెను. ఆ దినమున అధ్యక్షుడు బుష్ యెషయా గ్రంథమును స్మరించుచు చేసిన ప్రసంగము పూర్వపు ప్రసంగపు మార్గముననే నడచినది: శోకము, సాహస ప్రశంస, యాత్ర కొనసాగునను ప్రతిజ్ఞ.

ఈ దుర్ఘటనయందు మన దేశపు శోకమును కలిసినది. హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా మృతులలో నొకరు. ఫిబ్రవరి 5న ప్రధాని వాజపేయి మన వాతావరణ ఉపగ్రహము మెట్‌శాట్‌కు ‘కల్పన-1’ అని పేరు పెట్టుదుమని ప్రకటించెను. 2002 సెప్టెంబరులో ఆ ఉపగ్రహము శ్రీహరికోటనుండి ఎగిరినది. తెలుగునేల నుండి లేచిన యంత్రమునకు ఆమె పేరు దక్కుట సముచితమే. కాని నామకరణముతో మన కర్తవ్యము ముగిసినదని తలచితిమి. ఆమె మరణమునకు కారణమేమని అడిగిన రచనలు మనకు తక్కువ. ఆమెను ఆకాశమున తారగా ఎంచిన రచనలు ఎక్కువ.

అడ్మిరల్ గెహ్మన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 2003 ఆగస్టు 26న ప్రకటించిన నివేదిక ఈ ప్రశ్న నడిగినది. నురుగు ముక్కకు ఎంత పాత్ర యున్నదో, ఆ సంస్థయొక్క నడవడికిని అంత పాత్ర యున్నదని అది నిర్ణయించెను. నురుగు ఊడుట పూర్వయాత్రలలోను జరిగినది. నౌకలు తిరిగి వచ్చినవి. కావున అది అపాయము కాదను నమ్మకము క్రమముగా స్థిరపడెను. సమాజశాస్త్రజ్ఞురాలు డయాన్ వాన్ 1996లోనే ఛాలెంజర్‌ను గూర్చిన గ్రంథమున ఈ మనఃప్రవృత్తిని వివరించియుండెను: నియమమునుండి తొలగుట అలవాటైనచో తొలగుటయే నియమమగును. రెక్కను ఉపగ్రహములద్వారా చిత్రించి చూడవలెనని యాత్రాకాలమున ఇంజనీర్లు మూడు పర్యాయములు ప్రయత్నించిరి. ఆ చిత్రములు రాలేదు. అపాయము ముందే తెలిసియుండినచో, సిద్ధమగుచున్న అట్లాంటిస్ నౌకను తొందరగా పంపి వారిని తెచ్చుట దుష్కరమైనను అసాధ్యము కాదని నివేదిక పరిశీలనయందు తేలెను. ఇదియే పైన చెప్పిన సాపేక్ష నిరపేక్షముల మేర. ఆశ కొన్ని దినముల పాటు నిలిచియుండెను. దాని నెవరును చూడలేదు.

భాషను బోధించువారు ప్రత్యేకముగా పరిశీలింపవలసిన పుట యొకటి ఈ నివేదికలో నున్నది. యాత్ర సాగుచుండగా అపాయమును అంచనా వేసిన ఇంజనీర్లు అధికారులకు చూపిన పటములలో నొకదానిని నివేదిక వాక్యవాక్యముగా విమర్శించినది. ఆ పటమునకు శీర్షిక భరోసా ఇచ్చునట్లున్నది. అడుగున, చిన్న అక్షరములలో, అసలు సంగతి యున్నది: పరీక్షలలో వాడిన నురుగు ముక్క పరిమాణము 3 ఘనపు అంగుళములు, ఈ యాత్రలో ఊడినదాని అంచనా 1920 ఘనపు అంగుళములు. అనగా 640 రెట్లు. ‘గణనీయము’ అను అర్థము గల విశేషణము ఆ ఒక్క పటమున ఐదు పర్యాయములు వేర్వేరు అర్థములలో వాడబడినది. ఏది ఎంత గణనీయమో చదువరికి తెలియదు. ప్రధాన విషయమును అప్రధానముగను, అప్రధానమును ప్రధానముగను నిలుపుటను మన లాక్షణికులు అవిమృష్ట విధేయాంశమను దోషముగా చెప్పిరి. కావ్యమున ఆ దోషము రసభంగము చేయును. ఇచట ఆ దోషము ఏడుగురి రక్షణకు గల ద్వారము నొకదానిని మూసివేసినది. పద్యమునందు దోషములను గుర్తించు శిక్షణ విద్యార్థికి ఎందులకని అడుగువారికి ఈ పుట చాలిన సమాధానము.

ఒక ఆక్షేపము

సంతాప సమయమున విచారణ మాటలు అనుచితములనియు, ప్రసంగము ప్రసంగముగను, నివేదిక నివేదికగను ఉండవలెననియు ఆక్షేపింపవచ్చును. ఔచిత్యమును బట్టి ఈ మాట కొంతవఱకు గ్రాహ్యమే. దుఃఖితులయెదుట రబ్బరు వలయమును గూర్చి ఉపన్యసించుట ఎవరికిని తగదు. ఆ దినమున రీగన్‌కు కారణము తెలియదు కూడ. కాని కారణము తెలియదని ఒక్క వాక్యమున చెప్పి విచారణకు చోటు విడుచుట వేరు; తెలియని కారణమున్నచోట విధిని, అన్వేషణ ధర్మమును నిలిపి ఆ చోటును నింపివేయుట వేరు. దోషము రెండవదానియందే.

శోకమును విచారణయు ఒక్కచో ఇముడవను మాటకు మన వాఙ్మయమే ప్రత్యుదాహరణము నిచ్చుచున్నది. తిక్కన తెలుగుచేసిన భారత భాగమున స్త్రీపర్వము గలదు. గాంధారి దివ్యదృష్టితో రణభూమిని చూచును. పడియున్నవారిని ఒక్కొక్కరిని పేరు చెప్పి విలపించును. ఆ విలాపము కృష్ణుని ప్రశ్నించుటతో పరాకాష్ఠ నందును: ఆపగల శక్తి యుండియు నీవు ఏల ఉపేక్షించితివి? చూచుట, ఏడ్చుట, అడుగుట అను మూడును అందు కలవు. అడుగుటచే ఆమె శోకము తగ్గలేదు. దానికి గౌరవము హెచ్చినది. ఐతే గాంధారి ప్రశ్న శాపమున ముగియును. కొలంబియా నివేదిక శాపమున ముగియలేదు. దోషమును ఒక్క వ్యక్తిమీద మోపి తక్కినవారిని విడిచిపెట్టుట సులభమైన పని. అట్లు చేసినచో పద్ధతి మారదని ఆ సంఘము గ్రహించెను. ఉపేక్షను అడిగి, శాపము నీయకుండుట ఆధునిక నివేదికకు మాత్రమే సాధ్యమైన ఔన్నత్యము.

యాత్రల భవిష్యత్తు

ప్రతి దుర్ఘటన పిదప ప్రజలలో రెండు పక్షములు ఏర్పడుచున్నవి. మృతుల గౌరవార్థము యాత్రలు నిలుపరాదని ఒక పక్షము. యంత్రములు చేయగల పనికి మానవులను పంపుట ఏలయని రెండవ పక్షము. మొదటిదానికి ఉత్సాహము, రెండవదానికి భయము స్థాయి. రెండింటను సత్యాంశము కలదు. రెండును నివేదికను చదువకయే చెప్పదగిన మాటలు. చరిత్రయందు నిలిచిన నిర్ణయములు మాత్రము చదివిన పిదప చేసినవి. ఛాలెంజర్ పిదప వాణిజ్య ఉపగ్రహములను షటిల్‌లో పంపుట 1986 ఆగస్టులో మానిరి. మానవుడు అవసరము లేని పనికి మానవ ప్రాణమును ఒడ్డరాదని తెలిసికొనిరి. కీలును మరల రూపొందించి 1988 సెప్టెంబరు 29న తిరిగి యాత్రలు ఆరంభించిరి. మెకాలిఫ్‌కు ప్రత్యామ్నాయముగా శిక్షణ పొందిన ఉపాధ్యాయిని బార్బరా మోర్గన్ 2007 ఆగస్టులో అంతరిక్షమునకు పోయి వచ్చెను.

ఈ విషయమున హబుల్ దూరదర్శిని కథ మిక్కిలి విలువైనది. కొలంబియా పిదప, ఆ దూరదర్శినిని బాగుచేయుటకు వ్యోమగాములను పంపు చివరి యాత్రను అపాయకరమని 2004 జనవరిలో రద్దుచేసిరి. శాస్త్రజ్ఞులును సామాన్య ప్రజలును తీవ్రముగా నిరసించిరి. 2006లో కొత్త అధికారి దానిని పునరుద్ధరించెను. 2009 మేలో యాత్ర జరిగెను. అప్పుడు రెండవ ప్రయోగ వేదికమీద ఎండెవర్ నౌక రక్షణకై సిద్ధముగా నిలిచియుండెను. భయముచే మానలేదు, మృతుల పేరు చెప్పి కన్నులు మూసికొని పోలేదు. ఏది తప్పవచ్చునో ఎఱిగి, తప్పినచో ఏమి చేయవలెనో ఏర్పరచుకొని పోయిరి. అసమ్మోహము, అధ్యవసాయము, నయము అను మూడు విభావములును కూడిన వీరమునకు ఇది లక్ష్యము.

2024లో దీనికి మరియొక నిదర్శనము దొరకినది. స్టార్‌లైనర్ నౌకలో అంతరిక్ష కేంద్రమునకు పోయిన సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ సుమారు ఎనిమిది దినములకు తిరిగి రావలసినవారు. నౌక చోదక యంత్రములపై సందేహము కలుగగా ఆగస్టు 24న నాసా అధికారులు పూర్వపు రెండు దుర్ఘటనలను పేరు చెప్పి స్మరించుచు, ఆ నౌకను మనుష్యులు లేకుండ తెప్పింతుమని ప్రకటించిరి. యాత్రికులు 2025 మార్చిలో వేరొక నౌకలో క్షేమముగా దిగిరి. పత్రికలు వారిని చిక్కుపడినవారని వర్ణించినవి. సంస్థ పరువు పోయినదని కొందఱు పరిహసించిరి. ఏ సంతాప ప్రసంగమును అవసరము కాలేదు. పదునలుగురి మరణములకు నిజమైన స్మారకము ఆ నిర్ణయమున గలదు.

మన దేశము గగన్‌యాన్ పేరున స్వకీయమైన మానవసహిత యాత్రకు సిద్ధమగుచున్నది. నలుగురు వ్యోమగాముల పేర్లు 2024 ఫిబ్రవరిలో ప్రకటితమైనవి. యాత్రికులను ఆపదనుండి వేఱుచేసి రక్షించు విధానమును 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో పరీక్షించిరి. ఆ ఉదయము లేచుటకు ఐదు సెకండ్ల ముందు కంప్యూటరు ప్రయోగమును నిలిపివేసెను. కారణము కనుగొని సరిచేసి, పదిగంటలకు జయప్రదముగా ముగించిరి. ఆ నిలుపుదల క్షణమును అపజయముగా కాక విజయములో భాగముగా వర్ణించు భాష మన పత్రికలకు అలవడవలెను. అదే శ్రీహరికోటలో 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధన విభాగమున ప్రమాదము జరిగి ఆఱుగురు మరణించిరి. వారు అంతరిక్షమునకు పోయినవారు కారు, పంపువారిలోని వారు. వారినిగూర్చి మన వాఙ్మయమున ఏమి మిగిలినది? ఆకాశమున మరణించినవారికి స్తుతియు, నేలమీద మరణించినవారికి మౌనమును ఏర్పడుట శోకమునకు తగిన ధర్మము కాదు.

తెలుగున ఇట్టి సందర్భములలో ‘అమరులు’, ‘వీరమరణము’ అను మాటలు తత్క్షణమే వచ్చును. అవి మంచి మాటలే. కాని అమరుడన్న వెంటనే ఎట్లు మరణించెనని అడుగుట అనుచితమైనట్లు తోచును. విచారణకు, హేతునిర్ణయమునకు, బాధ్యతకు సంబంధించిన గద్యశైలి మనకు ఇంకను స్థిరపడవలసియున్నది. కొలంబియా నివేదికవంటి గ్రంథమును తెలుగున చదువదగిన గద్యముగా అనువదించుట ఒక మంచి పని. 2003 ఫిబ్రవరి మాసపు తెలుగు దినపత్రికలలోని సంపాదకీయములను, స్మృతి పద్యములను సేకరించి, వానియందు హేతువును అడిగినవి ఎన్ని, అడుగనివి ఎన్ని అని వర్గీకరించుట పరిశోధక విద్యార్థులకు తగిన విషయము. గగన్‌యాన్ యాత్రికులు భూమిని విడుచుటకు ముందే ఈ పని కొంత జరుగుట మేలు. అవసరము రాకుండుగాక, వచ్చినచో, వారిని గూర్చి మాటలాడుటకు మనకు స్తుతిభాష ఒక్కటియే కాక విచారణభాషయు సిద్ధముగా నుండవలెను.